చలికాలం ఆదివారాలు లైవ్ మ్యాచ్‌లు ఆపితే మన ఊరి జట్లు బతుకుతాయా?

వంశధార ఒడ్డు (గుణుపురం దగ్గర)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురానికి ఆనుకున్న పల్లె. మా యువజన సంఘం ముప్పై ఏళ్లకు పైగా సంక్రాంతి వెళ్లాక ఫుట్‌బాల్ పోటీలు పెడుతోంది. 16 జట్లు వస్తాయి. కొండ మీద సవర ఊళ్ల నుంచి నడిచి వచ్చే జట్లు కూడా ఉన్నాయి. మొదటి బహుమతి రెండు మేకపోతులు, రెండో బహుమతి ఒకటి. కార్యదర్శిగా నాకిది ఎనిమిదో ఏడు.

నిరుడు కాదు, అంతకుముందు ఏడు సెమీస్ రోజున జరిగింది చెప్తాను. ఆట నడుస్తోంది. ఐదయ్యేసరికి గ్రౌండు చుట్టూ జనం సగమైపోయారు. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్ మొదలైందని ఇళ్లకి పోయారు. ఉన్నవాళ్లలో గుంటలు పదిమంది చింతచెట్టు కింద చేరి, మంచినీళ్ల సీసాకి ఫోను ఆనించి, తలకి తల ఆనించి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా గోలీ పెనాల్టీ ఆపాడు. కుడిపక్కకి ఒళ్లు పడేసి, మునివేళ్లతో బంతిని పోస్టు అవతలికి తోసేశాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. లేచి నిలబడి చెట్టు వైపే చూశాడు. అక్కడ కూర్చున్నవాళ్లంతా వాడి ఈడు వాళ్లే, వాడితో చదువుకున్నవాళ్లే. ఒక్కడూ తలెత్తలేదు.

వాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మాకు టికెట్టు లేదు. చందాలు, జట్టుకి వెయ్యి రూపాయల ఎంట్రీ ఫీజు, టీ కొట్టూ పకోడీ బండీ చాట్ బండీ వాళ్లు జాగాకి పాడే వేలంపాట, ఇదే మా ఆదాయం. జనం తగ్గితే మరుసటేడు పాట తగ్గుతుంది. పాట తగ్గితే రిఫరీలకీ మైకుకీ సున్నానికీ కూడా వెతుక్కోవాలి.

ఇంగ్లండ్‌లో ఒక నియమం ఉంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఆ దేశంలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నీ లైవ్‌గా చూపించరు. 1960ల్లో బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి తెచ్చినది, ఇప్పటికీ నడుస్తోంది. పెద్ద ఆట టీవీలో వస్తే చిన్న క్లబ్బు గేటు దగ్గర మనిషి కనిపించడని ఆయన వాదన. మనకీ అలాంటిది కావాలంటాను. చలికాలం ఆదివారాలు, మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నర దాకా. మీరేమంటారు?

గుణుపురం కేబుల్

కార్యదర్శి గారూ, మీ గోలీ గురించి చదివి మనసు చివుక్కుమంది. కానీ పద్ధెనిమిదేళ్లుగా ఈ లైన్లు లాగుతున్నవాడిగా ఒక మాట చెప్పాలి.

అక్కడ ఆ నియమం నడుస్తున్నది టీవీవాడిని ఎవరో ఆపడం వల్ల మాత్రమే కాదు. లీగే ఆ వేళ మ్యాచ్‌లని సొంత దేశంలో అమ్మదు. అక్కడి పై మెట్టు లీగు ప్రీమియర్ లీగ్‌లో సీజన్‌కి 380 మ్యాచ్‌లుంటే, 2025-26 నుంచి మొదలైన కొత్త ఒప్పందంలో అక్కడ లైవ్‌గా వచ్చేవి 260 పైచిలుకు. నాలుగేళ్లకి 670 కోట్ల పౌండ్లు. మిగతా వంద చిల్లర అక్కడ కనిపించవు. మనకి మాత్రం కనిపిస్తాయి! అక్కడ శనివారం మూడింటికి మొదలైన ఆట మనకి చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకి వస్తుంది. వాళ్లు దాచుకున్న ఆటని మన గుణుపురంలో పకోడీ తింటూ చూస్తున్నారు.

మరి మనం ఎవరిని అడగాలి? కేబుల్ ఆపితే డిష్ ఉంది. డిష్ ఆపితే ఫోనుంది. గుణుపురంలో ఒకటి, పాలకొండలో ఒకటి అని గీత గియ్యడానికి లేదు, ఏరు దాటితే ఆంధ్రా.

బరంపురం మాస్టారు

నేను చరిత్ర చెప్పే మాస్టారిని, లెక్కలతో మొదలుపెడతాను. ఇంగ్లండ్‌లో నాలుగు డివిజన్ల లీగు మ్యాచ్‌లకి జనం అత్యధికంగా వచ్చింది 1948-49లో, 4 కోట్ల 12 లక్షల పైన. అతి తక్కువ వచ్చింది 1985-86లో, దాదాపు కోటి 65 లక్షలు. ఈ రెండింటి మధ్యా టీవీలో లైవ్ లీగు మ్యాచ్‌లు దాదాపు లేవు. 1960 సెప్టెంబరులో బ్లాక్‌పూల్, బోల్టన్ ఆట ఒకటి చూపించి మానేశారు. మళ్లీ క్రమంగా మొదలైంది 1983లో. అంటే లైవ్ లేని కాలంలోనే జనం సగానికి పైగా పోయారు. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చి, లైవ్ విపరీతంగా పెరిగిన కాలంలో జనం తిరిగొచ్చారు. ఇప్పుడు ఏటా మూడు కోట్లు దాటుతోంది. కొట్లాటలు, కూలిపోయే గ్యాలరీలు, నిరుద్యోగం జనాన్ని తరిమాయి. మంచి స్టేడియాలు వెనక్కి తెచ్చాయి. ఇందులో టీవీ ఒక చిన్న ముక్క.

మన సంగతి చూడండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ శిక్షణలోనే మన దేశం 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియాడ్‌లో బంగారం తెచ్చింది. ఆయన 1963లో పోయారు. ఆ తరవాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లగా కిందికి జారింది. హైదరాబాద్‌కి దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. టీవీ వచ్చి చంపిందని ఎలా అంటాం?

చట్టం దారి కూడా వేరు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశానికి ముఖ్యమైన ఆటల ప్రసారాన్ని ప్రైవేటు ఛానళ్లు ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టమే వచ్చింది. చూపించమని చెప్పే చట్టాలున్న దేశం మనది. దాచమని అడిగితే వినేవారు తక్కువ.

కాశీనగరం కుర్రాడు

అన్నయ్యా, నేను చింతచెట్టు కింద వాళ్లలాంటోడినే. ఆ రోజు మీ గ్రౌండులోనే ఉన్నాను, మా జట్టు పొద్దున్నే ఓడిపోయింది. కోపం తెచ్చుకోకండి, ఉన్నది చెప్తాను.

కరపత్రంలో సెమీస్ రెండున్నరకి అని వేశారు. మొదలైంది నాలుగింటికి. ముఖ్య అతిథి రాలేదని రెండు జట్లనీ వరసలో నిలబెట్టి ఉంచారు. తరవాత దండలు, తరవాత ప్రసంగాలు. రెండున్నరకి మొదలెట్టుంటే నాలుగుంపావుకి అయిపోను. ఐఎస్‌ఎల్ ఐదింటికి కదా.

వంశధార ఒడ్డు

తమ్ముడూ, కోపమేమీ లేదు. నిజమే. గంటన్నర ఆపాం. అతిథికి ముందే ఫోను చేసి, రాకపోతే మొదలెట్టేస్తామని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎండలో నిలబడ్డ పిల్లలకి అప్పుడే క్షమాపణ చెప్పాల్సింది.

కానీ ఐదింటికి పోయిన జనం నాలుగింటికే ఎందుకు తక్కువగా ఉన్నారు? ఏటేటా తగ్గుతున్నారు. అదొక్క రోజు సంగతి కాదు.

జయపురం నర్సు (ఇప్పుడు యార్క్‌షైర్‌లో)

మాది ఒడిశాలోని జయపురం. ఆరేళ్లుగా ఇక్కడ ఆసుపత్రిలో పని. మాస్టారి లెక్కలు సరైనవే గానీ అవి పైన నాలుగు డివిజన్లవి. వాటి కింద ఉన్న లోకం వేరు, అక్కడే నా శనివారాలు గడుస్తాయి.

మా ఇంటికి పది నిమిషాల నడకలో ఒక చిన్న క్లబ్బు గ్రౌండుంది. ఏడో ఎనిమిదో మెట్టు లీగు. గేటు దగ్గర ఇనుప చక్రం పక్కన ఒక పెద్దాయన చెక్కపెట్టె పెట్టుకుని కూర్చుంటాడు. పది పౌండ్లిస్తే చేత్తో చింపి చీటీ ఇస్తాడు. ఆయనే పొద్దున వచ్చి వలలు కట్టాడు, ఆయన భార్య టీ కాస్తోంది. హాఫ్ టైముకి ఒక పౌండు లాటరీ చీటీలు అమ్ముతారు, గెలిచినవారికి సగం, క్లబ్బుకి సగం. రెండో హాఫ్‌లో మైకులో చెప్తారు: "ఈరోజు వచ్చినవారు 214 మంది. మీకు ధన్యవాదాలు." ఆ 214 లో నేనూ ఒకదాన్నని ప్రతిసారీ గుండె నిండుతుంది. ఇరవైమంది తగ్గితే రెండొందల పౌండ్లు పోయినట్టే, టీ డబ్బులు వేరే. ఆ నెల లైట్ల కరెంటు బిల్లుకి వెతుక్కోవాలి. అలాంటి క్లబ్బులు ఈ దేశంలో వందలున్నాయి. ప్రపంచంలోకెల్లా పాత క్లబ్బు, 1857లో పుట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సీ, ఈరోజుకీ ఇలాంటి చిన్న లీగుల్లోనే ఆడుతోంది.

మూడింటికి పెద్ద క్లబ్బుల ఆట టీవీలో ఉండి ఉంటే, జనవరి చలిలో, వానలో, ఆ 214 మంది వస్తారా? నాతో నిలబడేవాళ్లలో చాలామంది పక్క పట్నం పెద్ద క్లబ్బు అభిమానులే. టికెట్టు దొరక్క, కొనలేక, టీవీలో రాక ఇక్కడికి వస్తారు. వచ్చి వచ్చి ఈ క్లబ్బు వాళ్లయిపోతారు. అందుకే ఆ నియమాన్ని నేను సమర్థిస్తాను. తీసేస్తే ముందు మునిగేది ఇలాంటి పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనే.

వింత ఏంటంటే, నాకు నలభై మైళ్ల దూరంలో జరుగుతున్న ఆట నాకు కనిపించదు. జయపురంలో మంచం మీద పడుకుని మా తమ్ముడు చూసి గోలు పడగానే వాట్సాప్ పెడతాడు.

ఇంకోటి. 2010 నుంచి ఇక్కడ "నాన్-లీగ్ డే" జరుపుతున్నారు. దేశాల మధ్య మ్యాచ్‌ల కోసం పెద్ద లీగులు విరామం తీసుకునే శనివారం చూసి పెడతారు. ఆవేళ పెద్ద క్లబ్బుల అభిమానుల్ని మీ దగ్గరి చిన్న గ్రౌండుకి వెళ్లమంటారు. ఇది నిషేధం కాదు, ఖాళీ చూసుకుని పిలవడం. ఆ రోజు మా గ్రౌండులో నిలబడ్డానికి చోటుండదు.

గుణుపురం కేబుల్

అమ్మా, మంచి సంగతి చెప్పావు. కోవిడ్ కాలంలో, 2020-21లో, గేట్లే మూసేశారు కాబట్టి అక్కడ ఆ నియమం పక్కన పెట్టి అన్నీ చూపించారు కదా?

జయపురం నర్సు

అవునండీ. గేట్లు తెరవగానే మళ్లీ పెట్టేశారు. గేటు కోసం పెట్టిన నియమం అని అప్పుడే అందరికీ తేటతెల్లమైంది. పోర్ట్స్‌మత్‌లో పబ్బు నడిపే కారెన్ మర్ఫీ గ్రీసు దేశం డీకోడరు (అక్కడి ఛానళ్లు పట్టే పెట్టె) పెట్టుకుని మ్యాచ్‌లు చూపిస్తే కేసు పెట్టారు. 2011లో ఐరోపా న్యాయస్థానం డీకోడరు విషయంలో ఆమె వైపే తీర్పిచ్చింది. అంటే కంచెకి కన్నాలున్నాయి. అయినా కంచె నిలబడే ఉంది.

ఎడమ వింగ్ (గుణుపురం)

ఇంతసేపూ మాట్లాడినవాళ్లలో ఒకరైనా ఆడపిల్లల సంగతి ఎత్తుతారేమో అని చూశాను.

నేను కాలేజీ జట్టులో ఎడమవైపు వింగ్ ఆడేదాన్ని. నిక్కరు వేసుకుని గ్రౌండులో పరుగెత్తడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. మూడేళ్లు పోరాడాను. ఒకరోజు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆడపిల్లల మ్యాచ్ టీవీలో వస్తుంటే బియ్యంలో రాళ్లు ఏరుతూ చూసింది. చేట పక్కన పెట్టేసింది. అయిపోయేదాకా లేవలేదు. "వీళ్ల అమ్మలు కూడా వచ్చారేటే?" అని ఒక్క మాట అడిగింది. మర్నాడు నా బూట్లు తనే ఎండలో పెట్టింది. 2023-24లో ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిలు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు మా వీధంతా ఆమే చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం ఆపెయ్యాలంటే ముందు ఆపేది ఎవరిది? మగవాళ్ల పెద్ద లీగు రాత్రికి జరుగుతుంది, లైట్లున్నాయి, డబ్బుంది. ఆడవాళ్ల ఆటకే ఎప్పుడూ మధ్యాహ్నం ఎండ. మీ నియమం వస్తే మొదట మాయమయ్యేది మా ఆట. కార్యదర్శి అన్నయ్యా, ఇది ఆలోచించారా? మీ పోటీల్లో ముప్పై ఏళ్లలో ఆడపిల్లల ఆట ఒక్కటైనా పెట్టారా?

వంశధార ఒడ్డు

లేదమ్మా. పెట్టలేదు. ఆలోచించలేదు కూడా.

బల్లార్షా గని (చంద్రపూర్ జిల్లా)

మేం మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లం, తాతల కాలంలో కరీంనగర్ నుంచి బొగ్గు గనికి వచ్చాం. మా కాలనీ పోటీలదీ ఇదే గోస. కానీ నేను కొల్హాపూర్‌లో చూసింది చెప్పకుండా ఉండలేను.

పని మీద వెళ్తే అక్కడి దోస్తు శాహూ స్టేడియంకి తీసుకుపోయిండు. స్థానిక లీగు మ్యాచే. పెద్ద పేరున్న ఆటగాళ్లెవరూ లేరు. కానీ మెట్లన్నీ నిండిపోయినయ్! అక్కడి జట్లన్నీ పేటల పేర్ల మీద, తాలీంల పేర్ల మీద ఉంటయి. తాలీం అంటే కుస్తీ పట్లు నేర్పే చోటు, పేటకి ఇల్లు లాంటిది. పాటాకడిల్ తాలీం ఒక దిక్కు, శివాజీ తరుణ్ మండల్ ఇంకో దిక్కు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ప్రతి పిల్లగాణ్ని పేరు పెట్టి తిడుతోంది. అడిగితే, వాడు మా సందులోవాడే, చిన్నప్పుడు మా కిటికీ అద్దం పగలగొట్టిండు అన్నది.

వాళ్లకీ ఫోన్లున్నయ్. వాళ్లకీ ప్రీమియర్ లీగ్ వస్తది. అయినా వస్తున్నరు. తన సందు పిల్లగాడు ఆడుతుంటే మనిషి కూర్చోలేడు. మన దగ్గర ఏమైంది? గెలవాలని బయట నుంచి ఆటగాళ్లని డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నం. పదకొండు మందిలో ఊరివాళ్లు ముగ్గురు కూడా ఉండరు. తెలియని మొహాలే చూడాల్నంటే ఫోన్లో ఇంకా మంచిగ ఆడేవాళ్లు కనబడతరు కదా.

కాశీనగరం కుర్రాడు

బల్లార్షా అన్న చెప్పింది నూరు పాళ్లు. మా జట్టులో కిందటేడు ఐదుగురు కిరాయి ఆటగాళ్లు. మా అన్నే నన్ను చూడ్డానికి రాలేదు, నేను బెంచీ మీద ఉన్నానని.

బరంపురం మాస్టారు

కార్యదర్శి గారిని ఒక్కటి అడగాలి. 2025 జూలైలో ఐఎస్‌ఎల్‌ని నిలిపివేస్తున్నట్టు దాని నిర్వాహకులు ప్రకటించారు. 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం అప్పటికి ముగియవచ్చింది, కొత్తది తేలలేదు. 2026 సంక్రాంతికి లీగు మొదలే కాలేదు. మీరు కోరుకున్న ఖాళీ అదే. మీ గ్రౌండు నిండిందా?

వంశధార ఒడ్డు

మాస్టారూ, ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. నిండలేదు. ఐఎస్‌ఎల్ లేదు, క్రికెట్ ఉంది. అదే చింతచెట్టు, అదే సీసా, ఆ గుంటలే. క్రికెట్ లేని రోజు ఫోన్లో ఇంకేదో ఆట ఆడుకున్నారు. ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి రాయకుండా దాటవేశాను, అది తప్పే.

లీగు ఆగితే మనకి మేలు జరగలేదు సరికదా, మా ప్రాంతం నుంచి పట్నం క్లబ్బు శిక్షణకి వెళ్లిన ఒక కుర్రాడు ఇంటికొచ్చేశాడు. వాడిని చూసి చిన్నగుంటలు బూట్లు కొనుక్కున్నారు. ఇప్పుడు వాడు మేస్త్రీ పనికి పోతున్నాడు.

అయినా నర్సమ్మ చెప్పిన మాట నేను వదలను. పెద్ద లీగు రాత్రి ఏడున్నరకి ఆడగలదు, దానికి లైట్లున్నాయి. మాకు సూర్యుడే లైటు. సంక్రాంతి రోజుల్లో ఐదున్నర దాటితే బంతి కనిపించదు. చూపించొద్దని అనడం మానేస్తాను. చలికాలం ఆదివారం ఐదింటి మ్యాచ్‌ని ఏడున్నరకి జరపమని మాత్రం రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికి రాస్తాను. ఆడవాళ్ల మ్యాచ్‌లని ఇందులోకి లాగను. మాస్టారూ, ఆ ఉత్తరం ఒడియాలో మీరు రాసిపెట్టాలి.

మా వరకు: ఆట కరపత్రంలో వేసిన వేళకే మొదలవుతుంది, అతిథి వచ్చినా రాకపోయినా. ప్రతి జట్టులో ఏడుగురు సొంత ఊరివాళ్లుండాలి, ఆధార్ చూస్తాం. మైకులో పేరుతోపాటు వీధి పేరు, ఇంటి పేరు చెప్తాం. ఫైనల్‌కి ముందు ఆడపిల్లల ఆట. చెల్లెమ్మా, రెండు జట్లు నువ్వే తయారుచెయ్యాలి.

ఎడమ వింగ్

చేస్తాను. కానీ ముందు ఆట అంటే ఎండలో పెడతారా మళ్లీ?

వంశధార ఒడ్డు

మూడున్నరకి మీది, ఒకటిన్నరకి మగవాళ్ల ఫైనల్. సరేనా?

ఎడమ వింగ్

సరే.

గుణుపురం కేబుల్

ఇది విన్నాక నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు. నా దగ్గర లోకల్ ఛానలుంది, రెండు కెమెరాలున్నాయి. పైసా వద్దు. రెండు ఆటలూ లైవ్‌గా వేస్తాను. గుణుపురం టౌనంతా చూస్తుంది.

వంశధార ఒడ్డు

మీ మంచి మనసుకి దండం. కానీ లైవ్ వద్దు సార్. టౌను వాళ్లు ఇంట్లో కూర్చుని చూస్తే పకోడీ బండివాడు ఏమవుతాడు? రాత్రి ఎనిమిదింటికి వెయ్యండి, ఆడిన పిల్లలు కూడా ఇంటికెళ్లి చూసుకుంటారు.

కాశీనగరం కుర్రాడు

అన్నయ్యా, ఇంగ్లండ్ వాళ్లు చేసిందీ ఇదే కదా.

వంశధార ఒడ్డు

అవును తమ్ముడూ, అదే.

ఎడమ వింగ్

అన్నయ్యా, మా అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి. అరగంట నిలబడలేదు. లైవ్ అయితే ఇంట్లో కూర్చుని చూసేది. నేను ఆడుతుంటే ఆమె ఒక్కసారీ గ్రౌండుకి రాలేదు.

వంశధార ఒడ్డు

అమ్మగారికి సెంటర్ లైను దగ్గర, షామియానా నీడలో చేతుల కుర్చీ వేయిస్తాను. ఆటో నేను మాట్లాడతాను, ఇంటి గుమ్మం దగ్గరికే వస్తుంది. ఒంటిగంటకి తయారుగా ఉండమను.